చెత్తబండి కథ నిజమేనా సార్?

పోయిన సంచికలో పేరున్న కార్ల గురించి ఎవరో అడిగితే రోల్స్ రాయిస్ గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశాను. అది నా తప్పే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే ఉన్నాయి, కొన్నింట్లో తిట్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఆ కారుకే ఇచ్చేస్తున్నాను. కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు, చూసి సంతోషించేవాళ్లు అందరూ చదవొచ్చు.

ప్రశ్న: రోల్స్, రాయిస్ ఇద్దరు మనుషులా? అసలు కారు చేసింది ఎవరు?

ఇద్దరే. పైగా ఒకరికొకరు ఎక్కడా పొంతన లేనివాళ్లు. హెన్రీ రాయిస్ 1863లో పుట్టాడు, తండ్రి పిండిమర నడిపి చితికిపోయి, పిల్లాడికి తొమ్మిదేళ్లప్పుడే కన్నుమూశాడు. ఆ పిల్లాడు పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. బంధువు ఒకావిడ ఫీజు కడితే రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకోవడానికి చేరాడు, ఆవిడ దగ్గర డబ్బు అయిపోయేసరికి అదీ మధ్యలోనే ఆగిపోయింది. చివరికి 1884లో మాంచెస్టర్‌లో ఒక భాగస్వామితో కలిసి కరెంటు సామాన్లు చేసే చిన్న షాపు పెట్టి, తర్వాత డైనమోలు, క్రేన్ల దాకా ఎదిగాడు.

చార్లెస్ రోల్స్ ఏమో ఒక లార్డు గారి అబ్బాయి. కేంబ్రిడ్జిలో చదివాడు, చదువుకునే రోజుల్లోనే సొంత కారు ఉండేది, ఆ తర్వాత లండన్‌లో విదేశీ కార్లు తెప్పించి అమ్మే వ్యాపారం పెట్టాడు. ఇంగ్లండులో తయారైన మంచి కారు ఒక్కటీ లేదే అన్నది ఆయన బాధ.

రాయిస్ డెకావిల్ అనే ఫ్రెంచి కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మామూలు మనిషైతే మెకానిక్‌ను తిట్టుకుంటూ వాడుకునేవాడు. ఈయన మాత్రం దాన్ని విప్పి, ఇందులో ఏది బాగాలేదో చూసి, ఇంతకన్నా నేనే బాగా చేయగలనని 1904లో సొంతంగా మూడు కార్లు కట్టాడు. కొత్తగా ఏదో కనిపెట్టాడని కాదు, ఉన్నదాన్నే ప్రతి ముక్కా ఇంకొంచెం నునుపుగా, ఇంకొంచెం కచ్చితంగా చేశాడు, అంతే. ఆ ఏడాది మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో ఇద్దరూ కలుసుకున్నారు. రెండు సిలిండర్ల కారంటే రోల్స్‌కి చిన్నచూపు, కానీ ఆ కారెక్కి తిరిగొచ్చాక, నువ్వు ఎన్ని చేస్తే అన్నీ నేనే అమ్ముతానన్నాడు. 1906లో కంపెనీ రిజిస్టరైంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రోల్స్‌కి మెల్లగా కార్ల మీద మోజు పోయి విమానాల పిచ్చి పట్టింది. 1910 జూన్‌లో ఇంగ్లిష్ చానల్‌ను ఎక్కడా దిగకుండా అటూ ఇటూ దాటాడు, సరిగ్గా మరుసటి నెల 12న బోర్న్‌మత్‌లో జరిగిన ప్రదర్శనలో విమానం తోక విరిగి కూలిపోయి చనిపోయాడు. అప్పటికి 32 ఏళ్లే. అంటే పేరులో ముందున్న పెద్దమనిషి ఈ కథలో ఉన్నది ఆరేళ్లు మాత్రమే.

ప్రశ్న: "ప్రపంచంలోకెల్లా ఉత్తమ కారు" అన్న బిరుదు ఎవరిచ్చారు? వాళ్లకు వాళ్లే ఇచ్చుకున్నారా?

సగం అదే, సగం కాదు. ఆ మాట మొదట అప్పటి పత్రికల్లోనే వచ్చింది, కంపెనీ వాళ్లు దాన్ని పట్టుకుని వదల్లేదు. పట్టుకున్నవాడి పేరు క్లాడ్ జాన్సన్. రోల్స్‌తో లండన్ వ్యాపారంలో ఉన్న మేనేజరు, ఇంగ్లిషులో కంపెనీ పేరు రాసేటప్పుడు రోల్స్‌కీ రాయిస్‌కీ మధ్య పెట్టే చిన్న గీత ఆయనే అని సరదాగా అనేవారు. నన్నడిగితే ఈ కారు పేరు ప్రతిష్ఠల్లో సగం వాటా జాన్సన్‌కే ఇవ్వాలి.

1906 చివర్లో ఆరు సిలిండర్ల, ఏడు లీటర్ల కొత్త మోడల్ వచ్చింది. దానికి 40/50 అని చప్పటి పేరు. జాన్సన్ వాటిలో ఒకదానికి వెండి రంగు వేయించి, మెరిసే భాగాలకు వెండి పూత పెట్టించి, సిల్వర్ ఘోస్ట్ అని బోర్డు తగిలించాడు. వెండి దయ్యం. చప్పుడు లేకుండా వచ్చేస్తుందని ఆ పేరు. 1907లో ఆ కారుని లండన్, గ్లాస్గోల మధ్య పగలూ రాత్రీ తిప్పి తిప్పి, 14,371 మైళ్లు, అంటే 23 వేల కిలోమీటర్ల పైచిలుకు నడిపించాడు, అదీ రాయల్ ఆటోమొబైల్ క్లబ్ మనుషులను పక్కన కూర్చోబెట్టి. మొదట్లో పెట్రోలు కుళాయి కుదుపులకు మూసుకుపోయి ఒకసారి ఆగింది, ఆ తర్వాత ఇంజను మొరాయించి ఆగిందే లేదు. చివర్లో కారు మొత్తం విప్పి చూస్తే, మార్చాల్సిన సామాను ఖర్చు రెండు పౌండ్ల చిల్లర తేలింది. కార్లు రోజుకోసారి రోడ్డు పక్కన ఆగిపోయే కాలంలో ఇలాంటి లెక్క పేపర్లో పడితే ఇంకేం ప్రకటన కావాలి?

దాన్ని ఏదో షో కోసం చేసిన తమాషా అని కొట్టిపారేయలేం. ఆ మోడల్‌నే కొంచెం కొంచెం మారుస్తూ 1926 దాకా, ఏడున్నర వేలకు పైగా తయారు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని చాసిస్, అంటే అడుగు చట్రం మీదే ఉక్కు రేకులు బిగించి సాయుధ శకటాలు కట్టి ఎడారుల్లో తిప్పారు. విప్లవం తర్వాత రష్యాలో లెనిన్‌కీ ఒకటి ఉండేది, మంచులో నడవడానికి వెనక చక్రాల చోట పట్టాలు తగిలించారు. కార్మిక నాయకుడికి రోల్స్ రాయిస్ ఏమిటని నన్ను అడక్కండి.

ప్రశ్న: బానెట్ మీద గాల్లోకి ఒరిగి నిలబడ్డ ఆ అమ్మాయి ఎవరు?

బొమ్మ పేరు స్పిరిట్ ఆఫ్ ఎక్‌స్టసీ, చెక్కినవాడు చార్లెస్ సైక్స్, మొదట వచ్చింది 1911లో. అప్పట్లో యజమానులు తలా ఒక బొమ్మ, దయ్యం దగ్గర్నుంచి పోలీసు దాకా, తెచ్చి బానెట్ మీద బిగించుకుంటుంటే చూడలేక జాన్సనే ఒక పద్ధతైన బొమ్మ చేయించాడు. దానికి ఎలినార్ థార్న్‌టన్ అనే ఆవిడ నమూనా అని అందరూ నమ్ముతారు. ఆవిడ జాన్ మోంటగు అనే లార్డు దగ్గర సెక్రటరీ, ఆయనకి ప్రేయసి కూడా. 1915 డిసెంబరు 30న ఇద్దరూ మన దేశానికి బయలుదేరిన పర్షియా అనే ఓడను మధ్యధరా సముద్రంలో జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఆయన బతికాడు, ఆవిడ బతకలేదు.

రాయిస్‌కి మాత్రం ఈ బొమ్మ నచ్చలేదు, డ్రైవరు చూపుకు అడ్డమని ఆయన గొణుగుడు. ఇప్పటి కార్లలో ఎవరైనా పీకబోతే చటుక్కున బానెట్‌లోకి దిగిపోతుంది.

ప్రశ్న: రాయిస్ చనిపోయినందుకు సంతాపంగా ఎర్ర అక్షరాల లోగోని నల్లగా మార్చారట కదా?

రాయిస్ పోయింది 1933లో, రంగు మారిందీ దాదాపు అప్పుడే, అందుకని రెండూ ముడిపడిపోయాయి. కానీ ఆ నిర్ణయం అంతకుముందే అయిపోయింది, కారణం కూడా మామూలుదే, కొందరి కార్ల రంగుకి ఎర్ర అక్షరాలు నప్పడం లేదు.

ప్రశ్న: మన మహారాజు ఒకాయన లండన్ షోరూములో అవమానం జరిగితే కోపం వచ్చి రోల్స్ రాయిస్ కార్లతో చెత్త ఎత్తించాడని, కంపెనీ వాళ్లు టెలిగ్రాం పంపి క్షమాపణ అడిగారని చదివాను. నిజమేనా సార్?

ఈ ప్రశ్న పదకొండు మంది అడిగారు. మీ పదకొండు మందినీ నిరాశపరుస్తున్నందుకు మన్నించండి, దీనికి నిలబడే ఆధారం ఒక్కటీ లేదు.

ఒకసారి ఆలోచించండి. ఇదే కథని కొందరు అల్వార్ మహారాజు జైసింగ్ మీద చెప్తారు, కొందరు నిజాం మీద, ఇంకొందరు భరత్‌పూర్, పటియాలా రాజుల మీద చెప్తారు. షోరూము అదే, చిరిగిన బట్టలో మామూలు బట్టలో అవే, టెలిగ్రామూ అదే, రాజు పేరు ఒక్కటే మారుతుంటుంది. జరిగిన సంగతికి ఒక తేదీ, ఒక ఊరు, ఒక కాగితం ఉంటాయి కదా. ఆ టెలిగ్రాం కాగితాన్ని ఇంతవరకు ఎవరూ బయటపెట్టలేదు. ఇంగ్లిషువాడి మెడలు వంచిన కథ కాబట్టి మనకు తీపిగా ఉంటుంది, అందుకే చెప్పుకుంటున్నాం. నేనూ చిన్నప్పుడు నమ్మాను, క్లాసులో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

అసలు జరిగింది దీనికి పూర్తిగా ఉల్టా. మన సంస్థానాధీశులు ఈ కార్ల మీద పడి కొన్నారు. 1908లో బొంబాయి, కొల్హాపూర్ మధ్య జరిగిన పోటీలో పేరు తెచ్చుకున్న సిల్వర్ ఘోస్ట్‌ని గ్వాలియర్ మహారాజా కొనేసుకున్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెనక సింహాసనం లాంటి సీటుతో పసుపు రంగు కారుకి ఆర్డరిచ్చి, అది చేతికొచ్చేలోపే 1911లో చనిపోయాడు. ఆ కారు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ ఉంది, వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. ఇక కథానాయకుడు జైసింగ్ సంగతికొస్తే, ఆయన 1924లో లాంచెస్టర్ అనే ఇంకో ఇంగ్లిషు కంపెనీ చేత, వెనక భాగం అచ్చం గుర్రపు రథంలా ఉండే కారు చేయించుకున్నాడు. అలాంటి మనిషికి ఏ చెత్తబండి కథైనా అతుక్కుంటుంది మరి.

ప్రశ్న: ఇప్పుడది జర్మనీ వాళ్ల కంపెనీ అని మా తమ్ముడు పందెం కట్టాడు. విమాన ఇంజన్ల రోల్స్ రాయిస్ కూడా ఇదేనా?

పందెంలో మీ తమ్ముడే గెలిచాడు. రెండో దానికి జవాబు: ఒకప్పుడు ఒకటే, ఇప్పుడు కాదు. ఇది కొంచెం పొడుగు కథ, ఓపిక పట్టండి.

విమాన ఇంజన్లు మొదటి ప్రపంచ యుద్ధం నుంచే చేసేవాళ్లు. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధ విమానాల్లో ఉన్న మెర్లిన్ ఇంజను వీళ్లదే, ఆ తర్వాత కంపెనీకి అసలు వ్యాపారం ఆకాశంలోనే, కార్లు పక్క పని అయిపోయాయి. 1960ల చివర్లో లాక్‌హీడ్ అనే అమెరికా కంపెనీ వాళ్ల ట్రైస్టార్ విమానానికి ఆర్‌బీ211 అనే పెద్ద ఇంజను చేసిస్తామని ఒప్పుకున్నారు. తేలిగ్గా ఉండాలని ఫ్యాన్ రెక్కలు కార్బన్ ఫైబర్‌తో చేశారు, తీరా పక్షి తగిలితే ఏమవుతుందో చూద్దామని చచ్చిన కోడిని వేగంగా విసిరితే రెక్కలు ముక్కలైపోయాయి. టైటానియంకి మారారు, ఖర్చు చేయి దాటిపోయింది, 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా తీసింది. ప్రభుత్వం ఇంజన్ల వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది, కార్ల విభాగాన్ని 1973లో విడగొట్టారు, 1980లో అది విక్కర్స్ అనే ఇంగ్లిషు కంపెనీ చేతికి పోయింది.

అసలు తమాషా 1998లో. విక్కర్స్ కార్ల కంపెనీని అమ్మకానికి పెడితే బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్ పోటీపడ్డాయి, 43 కోట్ల పౌండ్లకు ఫోక్స్‌వ్యాగన్ పాడేసుకుంది. క్రూ ఊర్లోని ఫ్యాక్టరీ, అక్కడే తయారయ్యే బెంట్లీ కార్లు, బానెట్ మీద అమ్మాయి, గుడి ముఖద్వారం లాంటి ఆ ముందరి గ్రిల్, అన్నీ వచ్చాయి. పేరు మాత్రం రాలేదు. ఎందుకంటే రోల్స్ రాయిస్ అన్న పేరు విమాన ఇంజన్ల కంపెనీది, వాళ్లు దాన్ని 4 కోట్ల పౌండ్లకు బీఎండబ్ల్యూకి ఇచ్చారు. ఇల్లు ఒకరికి, గుమ్మం మీద పేరు ఇంకొకరికి! పైగా అప్పటి కార్లకు ఇంజన్లు పంపేది బీఎండబ్ల్యూయే, సరఫరా ఆపేస్తామంటే ఫోక్స్‌వ్యాగన్‌కి కాళ్లూ చేతులూ ఆడవు. చివరికి రాజీ కుదిరింది. 2002 ఆఖరి దాకా ఫోక్స్‌వ్యాగన్ రెండింటినీ చేసుకుంటుంది, ఆ తర్వాత బెంట్లీ దానికి, రోల్స్ రాయిస్ బీఎండబ్ల్యూకి.

బీఎండబ్ల్యూకి పేరు తప్ప ఏమీ దొరకలేదు కదా, గుడ్‌వుడ్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టి, ఫాంటమ్ అనే కొత్త మోడల్ గీసి, 2003 జనవరి 1న మొదటి కారు తాళం చేతికిచ్చింది. కాబట్టి 1904 నుంచి ఒకే ఫ్యాక్టరీ, ఒకే వంశం అనుకుంటే పొరపాటు. అయినా తయారయ్యేది ఇంగ్లండులోనే, రాయిస్ చివరి రోజులు గడిపిన వెస్ట్ విట్టరింగ్ అనే ఊరికి దగ్గర్లోనే. ఇంతకీ పందెం ఎంతకి?

ప్రశ్న: ఆ కారులో గడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడదంటారు. ఇంజను పవరెంతో కూడా చెప్పరట!

మొదటిది 1958 నాటి ప్రకటన. గంటకు 60 మైళ్ల వేగంలో ఈ కారులో అన్నిటికన్నా పెద్ద చప్పుడు గడియారానిదే అని డేవిడ్ ఒగిల్వీ అనే ప్రకటనల రచయిత రాశాడు. ఆయన సొంత ఊహేం కాదు, ఒక మోటారు పత్రిక పరీక్షించి రాసిన మాటని ఎత్తుకున్నాడు, ఇంకా వెనక్కి పోతే 1933లోనే పియర్స్ ఆరో అనే అమెరికా కారుకి ఇలాంటి ప్రకటనే వచ్చింది. పవర్ సంగతి నిజం, చాలా ఏళ్ల పాటు ఎంతని అడిగితే "సరిపడా" అనేవాళ్లు. ఇప్పుడు ఫాంటమ్‌కి 563 హార్స్ పవర్ అని శుభ్రంగా చెప్పేస్తున్నారు. నాకు ఆ పాత జవాబే నచ్చుతుంది.

ప్రశ్న: పాత సిల్వర్ షాడో చవగ్గా దొరుకుతోందని చూశాను. రోల్స్ రాయిస్ చెడిపోదు కదా, కొనేయనా?

ఆగండి, ఆగండి. చెడిపోదన్న మాట మొదటి తరం కార్ల పేరు మీద ఇంకా నడుస్తోంది. సిల్వర్ షాడో 1965లో వచ్చింది, చాసిస్ విడిగా లేని మొదటి రోల్స్ రాయిస్ అది. బ్రేకులకు, వెనకభాగం ఒకే ఎత్తులో ఉంచడానికి సిట్రోయెన్ అనే ఫ్రెంచి కంపెనీ నుంచి లైసెన్సు తీసుకున్న అధిక పీడన హైడ్రాలిక్ వ్యవస్థ, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసే ఏర్పాటు పెట్టారు. బాగున్నంత కాలం అద్భుతం, పట్టించుకోకపోతే మాత్రం పైపులు, పంపులు, సీళ్లు ఒకదాని తర్వాత ఒకటి మొదలవుతాయి. పైగా కింద తుప్పు. చవగ్గా అమ్ముతున్నారంటే, ఆ రిపేరు బిల్లు చూసి భయపడ్డ యజమాని అమ్ముతున్నాడని అర్థం. కారు ధర తగ్గుతుంది గానీ స్పేర్ పార్టుల ధర తగ్గదు. కొనేముందు ఆ కార్లు తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్లి కారు పైకెత్తించి చూపించండి, పాత బిల్లులు అడగండి. బిల్లులు లేవంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ రోల్స్ రాయిస్ వస్తే పరువు పోదా?

వచ్చేసిందండీ, స్పెక్టర్ అని, 2023 నుంచి ఇస్తున్నారు. పరువు ఎందుకు పోతుంది, రాయిస్ మొదలుపెట్టిందే కరెంటు పనితో. ఇక రోల్స్ అయితే 1900లోనే, అంటే రాయిస్‌ని కలవకముందే, ఎలక్ట్రిక్ కారుకి చప్పుడుండదు, వాసన ఉండదు, కుదుపుండదు, ఛార్జింగ్‌కి స్టేషన్లు పెడితే బాగా పనికొస్తుందని చెప్పాడు. స్టేషన్ల గోల ఇంకా నడుస్తూనే ఉంది.