హైదరాబాద్‌లో టీచర్లకి కోచ్‌గా వెళ్లాలంటే ఏం కావాలి?

తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదవడం నేర్పే టీచర్‌ని, వేరే టీచర్లకి కోచ్ అవ్వొచ్చా అని అడిగారు కదా, అవ్వొచ్చండి, కానీ ముందు కొన్నేళ్లు ఒకటో, రెండో తరగతుల పిల్లలకి మీరే చెప్పి ఉండాలి, లేకపోతే టీచర్లు మీ మాట వినరు (వినకపోవడం కరెక్టే కూడా). డీఎడ్ గానీ బీఎడ్ గానీ ఉంటే మంచిది.

పని అంటే ఇన్‌స్పెక్షన్ కాదు. వెనక బెంచీలో కూర్చుని క్లాస్ చూడాలి, అయ్యాక టీచర్‌తో కాసేపు మాట్లాడాలి. పాతబస్తీ వైపు చూడండి, చాలామందికి ఇంట్లో ఉర్దూ, బళ్లో ఇంగ్లిష్ మీడియం, మళ్లీ తెలంగాణ 2018 చట్టం ప్రకారం బళ్లో తెలుగు తప్పనిసరి. ఉర్దూ ముందే నేర్చుకున్న పిల్లోడు నోట్‌బుక్‌లో కుడి వైపు నుంచి మొదలుపెడితే ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు, అక్కడ కోచ్ చెప్పాల్సింది ఏంటంటే, అక్షరానికి ఒక శబ్దం ఉంటుందని వాడికి ఆల్రెడీ తెలుసు మేడమ్, ఎటు నుంచి రాయాలో చూపించండి చాలు, టైమ్ అంతా గుణింతాలు, ఒత్తుల మీద పెట్టండి అని.

సర్కారు బళ్లలో 2022 నుంచి ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు వచ్చాయి, అవి వాడటం చూపించే వాళ్లు కావాలి. ఉద్యోగాలు ఎక్కువ ఎన్జీవోల్లో, ప్రాజెక్టు మీదే, ఫండ్ అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ఉర్దూ మాట్లాడటం వస్తే మాత్రం పెద్ద ప్లస్.