తెల్ల తీగ ఏ జతదో చూసుకో

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కొత్తింటి ముందు, పాటకు తగ్గట్టు వెలిగే లైట్లు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దీపావళికి కట్టి, క్రిస్మస్ దాటాక సంక్రాంతికి గానీ విప్పవట. పొద్దున్నే టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. తడి గడ్డి, కరెంటు, నిచ్చెన ఒకచోట చేరాయంటే నాకు నిద్ర రాదు.

వాట్సాప్‌లో నువ్వు పంపిన బొమ్మ చూశాను. గ్యారేజీలో కంప్యూటర్, చెట్టు దగ్గర లైట్లను నడిపే కంట్రోలర్, మధ్యలో క్యాట్5ఇ, అంటే నాలుగు మెలేసిన జతల నెట్‌వర్క్ కేబుల్. బాగుంది. కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ సిగ్నల్ అందులో 100 మీటర్ల దాకా పోతుంది, మీ వాకిలి అంత లేదు. డబ్బా మీద సీసీఏ అని ఉంటే మాత్రం కొనకు. అది రాగి పూత పూసిన అల్యూమినియం, నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. ఇంట్లో వాడే పీవీసీ తొడుగు టెక్సస్ ఎండకు పెళుసెక్కుతుంది. బయటకు నల్ల పాలిథీన్ తొడుగున్నది, నేలలో పాతేదైతే జెల్లీ నింపింది తీసుకో. ఆ జెల్లీ అంటితే ఓ పట్టాన వదలదు. నా చొక్కాల కోసం మీ పెద్దమ్మ ఎన్ని సబ్బులు అరగదీసిందో అడుగు.

కంట్రోలర్ నుంచి మొదటి పిక్సెల్‌కి, అంటే దండలో మొదటి బల్బుకి, వెళ్లే డేటా వైరు సంగతి వేరు. 5 వోల్టుల సిగ్నల్ ఒంటి తీగ మీద సెకనుకు 8 లక్షల బిట్లు మోయాలి. కొద్ది మీటర్లు దాటితే నమ్మలేం. దూరమైతే సిగ్నల్‌ని జత తీగల మీద అందుకునే డిఫరెన్షియల్ రిసీవర్ బోర్డు పెట్టి, దాని దాకా మళ్లీ క్యాట్5ఇ లాగు. ఆ సాకెట్ ఈథర్‌నెట్‌లాగే ఉంటుంది గానీ కాదు. పొరపాటున కూడా రౌటర్‌కి గుచ్చకు.

కొనడం ఒక ఎత్తు, కొసలకు ప్లగ్గులు నొక్కి బిగించడం, అదే క్రింప్ చేయడం, ఇంకో ఎత్తు. నేను టెలిఫోన్ జెల్లీ కేబుళ్లు జాయింట్ చేసే రోజుల్లో మా గ్యాంగ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. చెయ్యి చురుకే, ఓపికే లేదు. వానాకాలం, గోతిలో మోకాలి లోతు నీళ్లు. తొందరలో జతల మెలికలు జానెడు మేర విప్పేశాడు. ఆ కేబుల్లో బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్ అన్నింటికీ తోడు తెల్ల తీగే. మెలిక ఉన్నంతసేపే ఏ తెలుపు ఎవరిదో తెలిసేది. బ్లూ వాడి తెలుపు, ఆరెంజ్ వాడి తెలుపు తారుమారయ్యాయి. టెస్టింగ్‌లో దొరికిపోయాడు కానీ, మళ్లీ ఆ గోతిలోకి దిగడానికి బద్ధకించి, తర్వాతి జాయింట్‌లో ఎదురు మార్చి సరిపెట్టేశాడు. మీటరు అన్నీ ఓకే అంది. మర్నాటి నుంచి డాక్టరుగారు ఫోను ఎత్తితే కిరాణా కొట్టువాడి బియ్యం బేరాలు వినబడేవి! మెలేసుకున్న రెండు తీగల మీదా బయటి గోల సమానంగా పడి చెల్లిపోతుంది. ఆ రెండింటినీ విడదీస్తే చెల్లదు. ఆ లోపం పట్టుకోడానికి మేం ప్రతి జాయింటూ విప్పాల్సి వచ్చింది.

నీ కేబుల్లోనూ అవే నాలుగు రంగులు. ప్లగ్గులోని ఎనిమిది పిన్నుల్లో ఆరెంజ్ జత 1, 2లో, గ్రీన్ 3, 6లో, బ్లూ 4, 5లో, బ్రౌన్ 7, 8లో. వరసగా బాగుంటుందని గ్రీన్ జతను 3, 4లో పెట్టావో, ఈథర్‌నెట్ వాడే 3, 6లో చెరో జత తీగ పడుతుంది. చవక టెస్టర్ ఎనిమిది లైట్లూ వెలిగించి మోసం చేస్తుంది. టేబుల్ మీద మూరెడు ముక్కతో ఆడుతుంది, చెట్టు దాకా లాగాక లైట్లు ఆగి ఆగి వెలుగుతాయి. మెలిక అర అంగుళం మించి విప్పకు. తెల్ల తీగ మీద చార సన్నగా ఉంటుంది, కళ్లజోడు పెట్టుకునే చెయ్యి. స్టైలుకేం తక్కువ కాదులే.

కరెంటు వైరు ఉన్న పైపులో సిగ్నల్ వైరు దూర్చకు. తొడుగు చిట్లితే ఆ కరెంటు నీ కంప్యూటర్ దాకా, నీ చేతిదాకా వస్తుంది. "అక్కడ 120 వోల్టులేలే అన్నయ్యా" అంటాడు మీ నాన్న. వాడి మాట వినకు, తడి చేతికి అదీ ఎక్కువే. బయట అన్నీ జీఎఫ్‌సీఐ ప్లగ్గుకే, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసేదానికే, కలుపు. అది ట్రిప్ అయితే విసుక్కుని ఇంకో ప్లగ్గుకి మార్చకు, తడి ఎక్కడ చేరిందో వెతుకు. చీకటి పడ్డాక నిచ్చెన ఎక్కొద్దు. ఎక్కేటప్పుడు అమ్మాయిని కింద పట్టుకోమను.

కేబుల్ వచ్చాక తొడుగు మీద అచ్చు వేసిన అక్షరాలు ఫొటో తీసి పంపు. నేను చూసేదాకా కొయ్యకు.

ఇట్లు,
పెదనాన్న