తిరిగొచ్చినావిడ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఆశీస్సులు. నీ కథ అందింది. చదివి పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాను. ఆఫీసులో నీ పక్క సీటావిడ చెప్పిన సంగతులతో కథ అల్లాలనుకోవడం మంచి ఆలోచన. 2000లో జర్మనీ వెళ్ళి, డ్యూసెల్‌డోర్ఫ్‌లో 24 ఏళ్ళు బతికి, ముసలి తల్లి కోసం టోక్యో తిరిగొచ్చిన మనిషి. కథకు కావలసిన సరుకంతా నీ దగ్గరుంది. కానీ దాన్ని మొదటి పేజీలోనే పారేసుకున్నావు.

ఎయిర్‌పోర్టు, చెర్రీ పూలు, కళ్ళల్లో నీళ్ళు. ఇది రాయడానికి నువ్వు టోక్యోలోని నిషి కసాయ్‌లో కాపురం ఉండక్కర్లేదు, ఒంగోల్లో కూర్చుని కూడా రాయొచ్చు. నువ్వు అక్కడున్నావు కాబట్టి నీకు మాత్రమే తెలిసేది రాయి. ఉదాహరణకి ముద్ర సంగతి. జపాన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఇప్పుడు ముఖాన్ని గుర్తుపట్టే గేట్లలోంచి బయటికి వచ్చేస్తారు. ఆ దారిన వస్తే పాస్‌పోర్టులో ముద్ర పడదు, కావాలంటే పక్కనున్న అధికారిని అడిగి వేయించుకోవాలి. ఆ సంగతి ఆవిడకు తెలియదు. ఇంట్లో దిగాక 14 రోజుల్లోపు వార్డు ఆఫీసుకెళ్ళి అడ్రసు నమోదు చేయించుకోవాలి కదా, అక్కడ కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, దేశంలోకి ఏ రోజు వచ్చారో ఆధారం ఉందా అని అడుగుతుంది. బోర్డింగ్ పాస్ ముక్క చూపించినా సరిపోతుంది. అది సీటు జేబులోనే వదిలేసి వచ్చింది. కథ ఇక్కడ మొదలుపెట్టు.

ఆ కౌంటర్ దగ్గర ఇంకాసేపు నిలబడు, తొందరపడి లేచిపోకు. దేశం విడిచి వెళ్ళేటప్పుడు నివాస రికార్డులోంచి పేరు తీసేస్తారు, కుటుంబ రిజిస్టరులో మాత్రం ఉంచుతారు. అంటే ఫలానావారి కూతురు అనడానికి కాగితం ఉంది, ఫలానా ఇంట్లో ఉంటోంది అనడానికి లేదు. ఫారంలో వెళ్ళిన సంవత్సరం, వచ్చిన సంవత్సరం జపాన్ చక్రవర్తుల యుగం లెక్కలో రాయాలి. హేసే 12లో, అంటే 2000లో, వెళ్ళింది. రేవా అనే యుగం 2019 మేలో మొదలైంది, అప్పటికి ఆవిడ జర్మనీలో ఉంది. ఇప్పుడు రేవా ఎంత అని వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ ఉంటే, వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు మర్యాదగా నేల చూస్తూ ఉంటారు. మై నంబర్ అడుగుతారు, అక్కడ ఉండే ప్రతివాడికీ సర్కారు ఇచ్చే గుర్తింపు నంబరు అది. ఆ పద్ధతి 2015 అక్టోబరులో వచ్చింది కాబట్టి ఆవిడకు నంబరు లేదు, ఇప్పుడు కొత్తగా ఇస్తారు. నీకుంది చూడు! గుంటూరు నుంచి వెళ్ళినవాడి పర్సులో కార్డు ఉంది, టోక్యో కొయివాలో పుట్టిపెరిగిన మనిషికి నంబరే లేదు.

నీ కథలో నాకు కనిపించిన అసలు విషయం ఇదే. నువ్వు దాన్ని తాకి వదిలేశావు. నీకు తెలియకపోతే జపాన్‌లో నలుగురూ నేర్పిస్తారు. నెమ్మదిగా మాట్లాడతారు, బొమ్మలు చూపిస్తారు, రెండు ముక్కలు జపనీస్ మాట్లాడితే ఎంత బాగా మాట్లాడారో అని మెచ్చుకుంటారు. నీ ముఖం చూసి నీకు తెలియదని ముందే అనుకుంటారు కనక. ఆవిడ ముఖం వాళ్ళ ముఖమే, మాట వాళ్ళ మాటే. ఆవిడకు తెలియదని ఎవరికీ తోచదు. తోచినా, తెలియకపోవడమేమిటి అనుకుంటారు. పరాయి దేశంలో ఇరవై నాలుగేళ్ళు ఆవిడ నోరు తెరిచి ఏదైనా అడగగలిగింది. సొంత ఊళ్ళో ఆ వెసులుబాటు పోయింది.

అందుకే నాదో సలహా. కథ ఆవిడ నోటితో చెప్పించకు. అదే బిల్డింగులో ఉండే తెలుగు కుర్రాడితో చెప్పించు. చెత్త సీను చూడు. నీ డ్రాఫ్టులో ఆవిడ తప్పు రోజున చెత్త పెడితే పక్కింటి పెద్దాయన అరిచాడు. అరవడు, తమ్ముడూ. ఆ సంచి అక్కడే ఉండిపోతుంది. మిగతా సంచులన్నీ లారీ తీసుకెళ్ళిపోతుంది, కాకులు రాకుండా కప్పిన వల కింద ఆవిడ సంచి ఒక్కటే సాయంత్రం దాకా పడి ఉంటుంది, దానిమీద ఒక స్టిక్కరు. ఎవరూ ఏమీ అనరు. కుర్రాడు ఆఫీసు నుంచి వస్తూ చూస్తాడు. వాడి ఫ్రిజ్ మీద వార్డు ఆఫీసువాళ్ళిచ్చిన ఇంగ్లీషు కాగితం ఉంది, ఏ రోజు ఏది పెట్టాలో వాడికి కంఠతా వచ్చు. ఒక తెలుగువాడు జపాన్ ఆవిడకు జపాన్ చెత్త రూల్స్ చెప్పాలి. చెప్పాలా వద్దా, చెప్తే ఏమనుకుంటుంది, ఏ భాషలో చెప్పాలి? ఈ టెన్షన్ మీద నాలుగు పేజీలు రాయొచ్చు. కుర్రాణ్ణి మాత్రం హీరోని చేయకు. వాడు చెప్పింది విని ఆవిడ థాంక్స్ చెప్పి, ఆ తర్వాత వారం రోజులు లిఫ్టులో వాడి కంటపడకుండా మెట్లెక్కాలి.

కొంబిని, అదే రాత్రీపగలూ తెరిచుండే చిన్న షాపు సీను బాగానే ఉంది, కుదించు. ఓనిగిరి అన్నం ముద్ద ఇంటికి తీసుకెళ్తే 8 శాతం పన్ను, అక్కడే కూర్చుని తింటే 10 శాతం. ఆవిడ వెళ్ళేనాటికి అన్నిటికీ 5 శాతమే. 2020 జూలై నుంచి సంచికి డబ్బులు. నోటు చేతికివ్వబోతే క్లర్కు మెషిన్ వైపు చెయ్యి చూపించడం. చాలు. రైలెక్కడానికి వాడే సుయికా కార్డు 2001 నవంబరులో వచ్చింది, ఆవిడ వెళ్ళాక. అదీ బాగుంది కానీ ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి పెడితే కథ పోయి జనరల్ నాలెడ్జి పుస్తకం అవుతుంది. రెండు ఉంచు, మిగతావి కొట్టెయ్.

అయిదు వేల యెన్ నోటు ఒకటి మాత్రం ఉంచు. 2024 జూలైలో వచ్చిన కొత్త నోటు మీద త్సుదా ఉమెకో బొమ్మ ఉంది. 1871లో ఆరేళ్ళ పిల్లగా ఇవాకురా బృందం అనే సర్కారు రాయబారులతో అమెరికా పంపితే, 1882లో తిరిగి వచ్చేసరికి జపనీస్ మర్చిపోయింది. కన్నవాళ్ళతో మాట్లాడటానికే తడుముకుంది. తనను పెంచిన అడెలిన్ లాన్మన్‌కు వాషింగ్టన్‌కు ఏళ్ళ తరబడి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసుకుంది. 1900లో ఆడపిల్లలకు ఇంగ్లీషు బడి పెట్టింది, ఇప్పటి త్సుదా యూనివర్సిటీ అదే. ఇదంతా నువ్వు పేజీన్నర రాశావు. సంతోషం, చదువుకున్నావు. కథలో ఆ పేజీన్నర తీసెయ్యి. తల్లి మందుల బిల్లుకు ఆ నోటు చేతులు మారితే చాలు. తెలిసిన పాఠకుడు ఒక్క క్షణం ఆగుతాడు, తెలియనివాడికి వచ్చే నష్టం లేదు.

ఉరషిమా తారో కథ కూడా తీసెయ్యాలి. తాబేలు వీపెక్కి సముద్రం అడుగున రాజభవనానికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఊళ్ళో తరాలు మారిపోయిన జాలరి. జపాన్‌లో బయటినుంచి వచ్చిన ప్రతివాడూ నా పరిస్థితి అదే అంటాడు. నలిగిపోయిన పోలిక. భాగవతంలో రైవతుడు కూతురికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్ళి వచ్చేసరికి యుగాలు గడిచిపోలేదూ? దాన్నీ పెట్టకు, నా ఉత్తరం చదివి టెంప్ట్ అవుతావని ముందే చెప్తున్నాను.

ఇక ఆవిడ చెల్లెలు. నీ కథలో ఆమెకు మూడే వాక్యాలున్నాయి, మూడూ టీ పోస్తూ అన్నవే. ఇది నాకు నచ్చలేదు. అక్క వెళ్ళిన సంవత్సరమే, 2000 ఏప్రిల్‌లో, జపాన్‌లో వృద్ధుల సంరక్షణ బీమా మొదలైంది. ఎవరికి ఎంత సాయం అవసరమో ఇంటికొచ్చి చూసి స్థాయి నిర్ణయిస్తారు, కేర్ మేనేజర్ ప్లాన్ వేస్తుంది, పగటిపూట ముసలివాళ్ళను చూసుకునే చోటికి తీసుకెళ్ళే డే సర్వీస్ వ్యాన్ పొద్దున్నే గుమ్మం ముందుకొస్తుంది. ఏ స్థాయికి ఏమొస్తుంది, స్నానం చేయించడానికి ఎవరొస్తారు, స్థాయి పెంచమని ఎప్పుడు అడగాలి, ఇవన్నీ చెల్లెలికి తెలుసు. ఎవరూ నేర్పలేదు, తల్లితో పాటు ఆ ఇంట్లో ఉండి నేర్చుకుంది. అక్క వచ్చి, జర్మనీలో అయితే ఇలా కాదు అంటుంది. ఒకసారి అంటే చెల్లెలు నవ్వుతుంది, రెండోసారి వంటింట్లోకి వెళ్తుంది. మన ఇళ్ళల్లో అమెరికా నుంచి వచ్చినవాళ్ళు అక్కడైతేనా అని మొదలుపెట్టగానే అమ్మలు టాపిక్ మార్చడం నువ్వు చూడలేదా? ఆ మౌనం ఎలా ఉంటుందో నీకు బాగా తెలుసు. అక్కడినుంచి రాయి.

డబ్బు సంగతి రాయడానికి మొహమాటపడ్డావు. పడకు. పెన్షన్‌కు అర్హత కాలం జపాన్‌లో 2017 ఆగస్టు నుంచి పదేళ్ళకు తగ్గింది, అంతకుముందు పాతికేళ్ళు. పరదేశంలో ఉన్న ఏళ్ళు అర్హతకు లెక్కలోకి వస్తాయి, స్వచ్ఛందంగా చందా కట్టకపోతే చేతికొచ్చే పెన్షన్ సొమ్ము లెక్కలోకి మాత్రం రావు. జర్మనీలో సంపాదించిన పెన్షన్ విడిగా ఉంటుంది, యూరోల్లో. ఆవిడ వెళ్ళినప్పుడు యూరో వంద యెన్ అటూఇటూ, వచ్చేసరికి 160 దాటింది. అంటే కూర్చున్నచోటే అక్క డబ్బు పెరిగింది. పార్ట్‌టైమ్ చేస్తూ తల్లిని చూసుకున్న చెల్లెలికి ఇది తెలిసిన రోజు ఇంట్లో భోజనం ఎలా జరుగుతుంది?

ఒక్క మాట. జపనీయులు చల్లని మనుషులు, జర్మన్లు ముక్కుసూటి మనుషులు లాంటి వాక్యాలు నీ కథలో ఆరేడు చోట్ల ఉన్నాయి. తీసెయ్. ఆవిడ సుఖాలు కూడా రాయి, లేకపోతే పాఠకుడు నమ్మడు. ఆదివారం షాపులన్నీ మూసేసే దేశం నుంచి వచ్చింది, ఇక్కడ ఆదివారం రాత్రి పదింటికి టోఫు కొనుక్కోవచ్చు. పార్సిల్ ఏ వేళకు కావాలో చెప్తే ఆ వేళకే వస్తుంది. పీకలదాకా వేడినీళ్ళలో మునిగి కూర్చునే తొట్టి ఉంది. ఆ తొట్టిలో కూర్చున్నప్పుడు ఆవిడ ఏ భాషలో విసుక్కుంటుందో నాకు తెలుసుకోవాలనుంది.

ఆవిడను మళ్ళీ కలిసినప్పుడు దేశం మీద అభిప్రాయాలు అడగకు. వచ్చిన మొదటి నెలలో దేనికి ఎక్కువసేపు క్యూలో నిలబడ్డారో అడుగు, మొదట ఏ బిల్లు వచ్చిందో అడుగు. తర్వాత చెల్లెలు వైపు నుంచి రెండు పేజీలు రాసి నాకు పంపు. కథలో వాడకపోయినా ఫర్వాలేదు. దసరాకు ఊరొస్తున్నావని అమ్మ చెప్పింది, ప్రింట్ తీసుకురా, స్క్రీన్ మీద చదవడం నావల్ల కావడం లేదు.

ఉంటాను.
అక్కయ్య