పరీక్షలన్నీ సవ్యంగా ఉంటే ఈ గుండె దడ ఎందుకు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా వారిది షిఫ్టు ఉద్యోగం. పక్షవాతం వచ్చిన అత్తగారు ఏడాదిగా మంచం మీదే ఉన్నారు. రాత్రి ఆవిడ గంట మోగించగానే నాకు గుండె దడ, చెమటలు. ఆపైన నిద్ర పట్టదు. కడుపులో మంట కూడా ఉంటోంది. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో తేడా ఏమీ లేదు. ఇదంతా నా భ్రమేనని మా వారంటున్నారు. నిజమేనా?

జవాబు: భ్రమ కాదమ్మా. పరీక్షల్లో జబ్బు బయటపడలేదంటే బాధ లేదని అర్థం కాదు. గంట చెవిన పడగానే మీ మెదడు దాన్ని ప్రమాదంగా లెక్కిస్తోంది. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్‌ను వదలడంతో గుండె వేగం పెరిగి, రక్తం కండరాల వైపు మళ్లి, జీర్ణక్రియ మందగిస్తుంది. కాసేపటికి అదే గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ అనే మరో హార్మోను కూడా తోడై రక్తంలో చక్కెరను పెంచుతుంది. పోరాడడానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ ఏర్పాటు అవసరం తీరాక సద్దుమణగాలి. మీరేమో అత్తగారిని పక్కకు తిప్పి, దుప్పటి సర్ది, మళ్లీ ఎప్పుడు పిలుస్తారోనని చెవులు రిక్కించుకునే పడుకుంటున్నారు. మామూలుగా అర్ధరాత్రికి బాగా తగ్గి, తెల్లవారుజామున పెరిగే కార్టిసాల్ లయ ఇలాంటి రాత్రుల వల్ల చెదిరిపోవచ్చు.

ఒత్తిడిపై పరిశోధించిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లోనే ఎలుకలపై ప్రయోగాలు చేసి, చలి, గాయం వంటి వేర్వేరు కష్టాలకు కూడా శరీరం ఒకే తీరున స్పందిస్తుందని, అడ్రినల్ గ్రంథులు పెరిగి జీర్ణాశయంలో పుండ్లు పడతాయని చూపారు. మీ మంటకు ఒత్తిడే కారణమని నేను ఇక్కడి నుంచి తేల్చలేను. తగ్గకపోతే వైద్యుడికి చూపించండి.

దడ వచ్చినప్పుడు ఊపిరిని నెమ్మదిగా పీల్చి, అంతకంటే ఎక్కువసేపు వదిలితే గుండె వేగం కొంత తగ్గుతుంది. అయితే నిద్ర లేని మనిషికి ప్రాణాయామం ఒక్కటే చెప్పి ఊరుకోవడం నాకు సబబుగా తోచదు. మీ వారు పగటి షిఫ్టులో ఉన్న వారాల్లోనూ, సెలవు రాత్రుల్లోనూ తల్లి పక్కన ఆయనే పడుకోవాలి. మీరు వేరే గదిలో తలుపు వేసుకుని నిద్రపోవాలి. ఆడపడుచులుంటే నెలకు కొన్ని రోజులైనా వంతు అడగండి. అడగడం తప్పు కాదు. స్తోమత ఉంటే రాత్రి పూట ఆయాను పెట్టుకోండి.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోతే, దిగులు ముదిరితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఛాతీనొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం ఒత్తిడేనని సర్దిచెప్పుకోకుండా వెంటనే 108ని పిలవండి.