పిల్లల సినిమా అనుకుని చూసి పెద్దయ్యాక కలవరపడ్డాను: ‘పినోకియో’

పిల్లల కోసం తీసిన యానిమేషన్ సినిమా ఏదైనా పెద్దయ్యాక చూసి ఉలిక్కిపడ్డారా, అటువంటి దాన్ని చిన్నపిల్లలకు చూపించవచ్చా అని మీరు అడిగారు. నా విషయంలో ఆ సినిమా 1940లో డిస్నీ సంస్థ విడుదల చేసిన ‘పినోకియో’.

వేసవి సెలవుల్లో గుంటూరులో మా మామయ్య గారి ఇంట్లో వీడియో కేసెట్ పెట్టుకుని పిల్లలందరం కలిసి ఈ సినిమాను చూశాం. మాటలు సగం కూడా అర్థం కాలేదు. అబద్ధం చెబితే ముక్కు పెరిగే కొయ్యబొమ్మ పినోకియో, టోపీ పెట్టుకున్న కీచురాయి, చివర్లో తిమింగిలం, ఇవి మాత్రమే గుర్తుండిపోయాయి. ఆ ధైర్యంతోనే పోయిన దసరా సెలవుల్లో ఏడేళ్ల మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఒళ్లో చేట పెట్టుకుని పల్లీలు ఒలుస్తూ మళ్లీ చూశాను. సినిమా సగం దాటాక నా చేతులు ఆగిపోయాయి.

కథలో ఒక బండివాడు ఉంటాడు. బడి ఎగ్గొట్టి తిరిగే మగపిల్లలను పోగుచేసి తెచ్చిపెడితే బాగా ముట్టజెబుతానని అతడు నక్కకూ పిల్లికీ బేరం పెడతాడు. ఊరంతటినీ మోసం చేసి బతికే ఆ నక్క సైతం ఈ మాట విని చట్టానికి భయపడి వెనక్కి తగ్గుతుంది. అప్పుడు బండివాడు ముఖం ముందుకు చాచి, అక్కడికి వెళ్లిన వాళ్లెవరూ పిల్లలుగా తిరిగి రారు కనుక భయం లేదని నవ్వుతాడు. చిన్నప్పుడు ఆ నవ్వును చూసి జడుసుకుని ఉంటాను. ఇప్పుడు నన్ను భయపెట్టింది మాత్రం పిల్లలను తెచ్చినందుకు డబ్బు మాట్లాడుకునే ఆ బేరం. రైల్వే స్టేషన్లలో 1098 అనే పిల్లల సహాయవాణి నంబరుతో గోడ మీద రాసి ఉండే హెచ్చరిక ఎవరి గురించో తెలిసిన వయసులో ఆ దృశ్యాన్ని కట్టుకథగా చూడలేకపోయాను.

నక్క మాటలు నమ్మి పినోకియో కూడా ఆ బండెక్కుతాడు. బండివాడు తీసుకెళ్లే ప్లెజర్ ఐలాండ్ అనే దీవిలో పిల్లలు కావలసినంత తిని, తాగి, చుట్టలు కాల్చి, వస్తువులు పగలగొట్టి, చివరకు గాడిదలైపోతారు. చదువుకోకపోతే గాడిదలు కాసుకుంటావని మా తరానికి బడిలో రోజూ అక్షింతలు పడేవి. ఇక్కడ కాసే పని కూడా లేదు, నేరుగా గాడిదే. గాడిదలైన పిల్లలను బండివాడు ఒక్కొక్కరినీ పేరు అడుగుతాడు. ఓండ్ర పెట్టిన వాడి బట్టలు లాగేసి పెట్టెలోకి నెట్టిస్తాడు. ఆ పెట్టెల మీద ఉప్పు గనులకనీ సర్కస్‌కనీ ఎవరికి అమ్మిందీ రాసి ఉంటుంది. తన పేరు అలెగ్జాండర్ అని చెప్పి, మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతానని ఏడ్చిన చిన్న గాడిదను మాత్రం పక్కకు తోయిస్తాడు. వాడికింకా మాట పోలేదు కాబట్టి వాడు ఇంకా సరుకు కాలేదు. ఎనభై ఎనిమిది నిమిషాల సినిమాలో ఇది ఒక నిమిషానికి మించదు, కానీ అమ్మకానికి పనికొస్తాడో లేదో తేల్చే పరీక్ష మాట పోవడమేనని అంత మామూలుగా చెప్పిన తీరు నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ వెంటనే, పినోకియోతో స్నేహం కట్టిన లాంప్‌విక్ అనే పిల్లవాడి వంతు వస్తుంది. బిలియర్డ్స్ ఆడుతూ వేళాకోళం చేస్తున్న వాడికి ముందు చెవులు, తరువాత తోక వస్తాయి. చూస్తున్న పినోకియో చేతిలోని బీరు గ్లాసును మెల్లగా పక్కకు జరపడం వరకూ అది నవ్వులాటగానే సాగుతుంది. అద్దంలో తనను తాను చూసుకున్న తరువాత లాంప్‌విక్ పినోకియోను పట్టుకుని బతిమాలుతుండగానే వాడి చేతులు గిట్టలైపోతాయి. మిగిలిన మార్పును గోడ మీద నీడగా మాత్రమే చూపించారు. అమ్మా అని పిలిచిన పిలుపు మధ్యలోనే ఓండ్రగా మారిపోతుంది. సరిగ్గా అక్కడ మా పాప, “వాడికి వాళ్లమ్మ ఫోన్ నంబరు రాదా నాన్నా?” అని అడిగింది. ఆ కాలంలో ఫోన్లు లేవమ్మా అన్నాను.

పినోకియో సముద్రంలో దూకి తప్పించుకుంటాడు, తిమింగిలం కడుపులో నుంచి తనను చెక్కిన తండ్రి జెప్పెట్టోను బయటకు తెస్తాడు, చివరకు నిజమైన పిల్లవాడవుతాడు. లాంప్‌విక్ గురించి, అలెగ్జాండర్ గురించి ఆ తరువాత ఒక్క మాట కూడా ఉండదు. బండివాడికి శిక్ష లేదు. నేను కునుకు తీసి ఏదైనా వదిలేశానేమోనని పాప పడుకున్నాక చివరి భాగమంతా మళ్లీ వేసి చూశాను. నిజంగానే ఏమీ లేదు.

భయానికి మన పిల్లల కథలేమీ తీసిపోవు. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి నడిచే విక్రమార్కుడిని చందమామలో నెలనెలా ఎదురుచూసి మరీ చదివిన వాళ్లమే. అయితే బేతాళుడు అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికేది, శవం మళ్లీ చెట్టెక్కేది, ఆ నెలకు లెక్క సరిపోయేది. ఈ సినిమాలో ఎవరూ వెతకని పిల్లలు అలాగే మిగిలిపోయారు.

మూలకథ ఇంతకంటే కఠినమైనది. ఇటలీ రచయిత కార్లో కొల్లోడి దీన్ని 1881లో ఒక పిల్లల పత్రికలో ధారావాహికగా మొదలుపెట్టి, పదిహేనో అధ్యాయంలో పినోకియోను చెట్టుకు ఉరి తీయించి ముగించాడు. తరువాత కొనసాగించగా అది 1883లో పుస్తకంగా వచ్చింది. అందులో కీచురాయి మొదట్లోనే సుత్తి దెబ్బకు చనిపోతుంది. పినోకియో కూడా పూర్తిగా గాడిదై సర్కస్‌కు అమ్ముడుపోతాడు. కానీ చివర్లో, తండ్రికి గ్లాసెడు పాల కోసం ఒక తోటమాలి దగ్గర నీళ్లు తోడే పనికి చేరినప్పుడు, అంతవరకు ఆ పని చేసి కొట్టంలో కొన ఊపిరితో పడి ఉన్న గాడిద తన స్నేహితుడు లాంప్‌విక్కేనని గుర్తుపడతాడు. అది తన పేరు చెప్పి కన్ను మూస్తుంది, వాడు ఏడుస్తాడు. బొమ్మను ఉరి తీయడానికి వెనుకాడని ఆ రచయిత ఆ పిల్లవాడిని మాత్రం మరిచిపోలేదు. పిల్లలు భయపడతారని కథను మెత్తబరిచిన సినిమా మరిచిపోయింది. నాకు ఆ పుస్తకమే దయగలదనిపించింది.

ఇక చూపించవచ్చా అన్న మీ ప్రశ్నకు వస్తే, ఆరేడేళ్లు దాటిన పిల్లలకు చూపించవచ్చు, కానీ టీవీ పెట్టేసి వంటగదిలోకి వెళ్లకండి. మధ్యలో చుట్టలు, బీరు కూడా ఉన్నాయి కనుక వాటి గురించి ప్రశ్నలు వస్తాయి. ముందు మీరొక్కరే ఒకసారి చూడండి, ముఖ్యంగా దీవి ఘట్టం. మా పాప ఆ రాత్రి హాయిగానే నిద్రపోయింది. మరునాటి నుంచి వారం రోజుల పాటు తిమింగిలం కడుపులో మంట వేస్తే దానికి తుమ్ము ఎలా వచ్చిందని మాత్రమే అడిగింది, గాడిదల ఊసు ఎత్తలేదు.