ముందు హామెట్, తర్వాతే చాండ్లర్

రేమండ్ చాండ్లర్ 'ద బిగ్ స్లీప్' సగం చదివి, ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో అంతుపట్టక పక్కన పడేశానని మీరన్నారు. ఈ అమెరికన్ హార్డ్‌బాయిల్డ్ (కరుకైన డిటెక్టివ్ కథల) రచయితల్లో ముందు ఎవర్ని చదవాలని అడిగారు. నా మాట వింటే డాషెల్ హామెట్‌ని చదవండి.

అంతుపట్టకపోవడం మీ తప్పేం కాదు. అంతకుముందు 'బ్లాక్ మాస్క్' పత్రికకు రాసిన కథల్ని అతికి 1939లో చాండ్లర్ ఆ నవల చేశాడు. అతుకులు కనిపిస్తూనే ఉంటాయి. దాన్ని సినిమా తీసేటప్పుడు, కథలో డ్రైవర్‌ని చంపిందెవరని సినిమావాళ్లు టెలిగ్రాం కొట్టి అడిగితే, తనకూ తెలియదన్నాడు! కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలతో పెరిగిన నాలాంటివాళ్లకి చివర్లో చిక్కుముడి విడిపోవాల్సిందే. చాండ్లర్ దగ్గర ఆ ఆశ పెట్టుకోకూడదు.

హామెట్ అలా కాదు. 1915లో పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరి, క్షయతో ఆరోగ్యం పాడయ్యేదాకా ఆ పని చేసినవాడు. 'ద మాల్టీస్ ఫాల్కన్' (1930) రెండో అధ్యాయం చూడండి. రాత్రి రెండు దాటాక ఫోన్ మోగుతుంది. డిటెక్టివ్ శామ్ స్పేడ్ భాగస్వామిని ఎవరో చంపేశారని కబురు. స్పేడ్ మనసులో ఏముందో హామెట్ ఒక్క ముక్క కూడా చెప్పడు. అతను కాగితంలో పొగాకు పోసి, మధ్యలో కొంచెం గుంటగా సర్ది, బొటనవేళ్లతో చుట్టి, అంచు నాలుకతో తడిపి అంటించడం మాత్రం పూసగుచ్చినట్టు రాస్తాడు. ఆ వేళ్లకి తొందర లేదు. బాధపడ్డాడా, పీడ వదిలిందనుకున్నాడా? నేను ఎన్నిసార్లు చదివినా ఆ పేరా దగ్గర ఆగిపోతాను. నవల మొత్తం అంతే, మనుషుల చేతలూ మాటలూ తప్ప లోపలి సంగతి ఎక్కడా రాయడు. ఎవరు అబద్ధమాడుతున్నారో మనమే కనిపెట్టుకోవాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినప్పుడు పుస్తకం పట్టుకుని బుష్ స్ట్రీట్‌లో నడిచాను. స్టాక్టన్ టన్నెల్ పైన నిలబడితే ఆ హత్య ఘట్టం కళ్లకు కట్టినట్టుంటుంది. దగ్గర్లోనే బరిట్ సందు దగ్గర ఒక ఫలకం ఉంది. నవల పూర్తి చేయకుండా మాత్రం దాన్ని చదవకండి, హంతకుల పేరు అందులో రాసేశారు.

తర్వాత 'రెడ్ హార్వెస్ట్' (1929). సమ్మె అణచడానికి గని యజమాని గూండాల్ని దింపుతాడు. సమ్మె అణిగాక వాళ్లు ఊరు వదలరు, ఊరే వాళ్లదైపోతుంది. సమ్మెలు విరగ్గొట్టడంలో పేరుమోసిన పింకర్టన్ సంస్థలో పనిచేసినవాడు కాబట్టే ఇంత నిక్కచ్చిగా రాయగలిగాడని నా నమ్మకం.

అప్పుడు చాండ్లర్‌ని మళ్లీ పట్టుకోండి. కథ కోసం కాదు, లాస్ ఏంజిలెస్ కోసం, ఆ వాక్యాల కోసం. 'ఫేర్‌వెల్, మై లవ్లీ' (1940) అయితే మంచిది. అందులో మొదట్లోనే ఒక నల్లజాతి బార్ మేనేజర్ హత్య జరుగుతుంది. పోలీసులు దాన్ని కేసుగానే లెక్కచేయరు. నవల కూడా అతన్ని తొందరగానే మర్చిపోతుంది. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. అందుకే అది ముగించిన వెంటనే చెస్టర్ హైమ్స్ 'ఎ రేజ్ ఇన్ హార్లెమ్' (1957) తీయమంటాను. ఒహాయో జైల్లో రాయడం మొదలుపెట్టిన నల్లజాతి రచయిత ఆయన. న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌లో నడిచే ఆ కథలో చచ్చేవాళ్లూ, చంపేవాళ్లూ, కేసు పట్టే డిటెక్టివ్‌లూ దాదాపు అందరూ నల్లజాతి మనుషులే, ఒక్కొక్కరికీ పేరూ ఊరూ ఉంటాయి.