పాఠకుల ప్రశ్నలు: అచ్చు గీత, చేతి రంగు

ప్రశ్న: 1913 నాటి ఒక ఫ్రెంచి ఫ్యాషన్ పత్రికలోని స్త్రీల దుస్తుల బొమ్మలను ప్రదర్శనలో చూశాను. రంగులు కుంచెతో పూసినట్టున్నాయి. అవి అచ్చు బొమ్మలేనా? ఆ దుస్తులను నిజంగా కుట్టేవారా?

జవాబు: మీ కన్ను మోసపోలేదు. పోశ్వార్ అనే ఆ పద్ధతిలో ముందుగా గీతలను అచ్చువేసి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలుచని రేకును ఆ రంగు పడవలసిన మేరకు కత్తిరించి, కాగితంపై సరిగ్గా అమర్చి, కుంచెతో గువాష్ అనే చిక్కని నీటిరంగును చేత్తోనే అద్దేవారు. రంగులు పెరిగినకొద్దీ రేకులూ, శ్రమా, ఖరీదూ పెరిగేవి.

ఈ ధోరణికి ఊపునిచ్చినవాడు దుస్తుల రూపకర్త పాల్ ప్వారే. ఆయన 1908లో పాల్ ఇరీబ్ చేత, 1911లో జార్జ్ లపాప్ చేత తన దుస్తులను గీయించి ఆల్బమ్‌లుగా వెలువరించాడు. నడుమును బిగించే కార్సెట్‌ను వదిలి, నిటారుగా కిందికి జారే ఆ దుస్తులకు, నీడలు దిద్దిన పాత తరహా బొమ్మల కంటే జపాన్ చెక్క అచ్చు చిత్రాలను తలపించే చదునైన రంగూ పొదుపైన గీతా బాగా నప్పాయి.

ఇక కుట్టడం సంగతి. 1912లో ల్యూసియెన్ వొజెల్ స్థాపించిన 'గజెట్ ద్యు బాన్ తాన్' పత్రిక ఒక్కో సంచికలో సాధారణంగా రంగుల బొమ్మలు పది ఉండేవి. వాటిలో ఏడు వర్త్, పాకెన్, దూసే వంటి దుస్తుల సంస్థల నమూనాలు కాగా, తక్కిన మూడు చిత్రకారుల సొంత ఊహలు. నా మటుకు, దర్జీ కత్తెరకు లొంగనవసరం లేని ఆ మూడింటిలోనే గీత ఎక్కువ స్వేచ్ఛగా సాగిందనిపిస్తుంది.